హీబ్రూ భాషాపునరుద్ధరణము: పాఠశాలల కృషి

గ్రంథములయందును ప్రార్థనలయందును మాత్రమే నిలిచియున్న ఒక భాష మరల శిశువుల నోట పలుకుట భాషాచరిత్రలో మిక్కిలి అరుదైన విషయము. హీబ్రూ భాషకు అట్టి భాగ్యము కలిగినది. 1880 ప్రాంతమున హీబ్రూ మాతృభాషగా గల కుటుంబము లేదనియే చెప్పవలెను. 1948లో ఇజ్రాయేల్ రాజ్యము ఏర్పడునాటికి అది లక్షలకొలది జనులకు నిత్యవ్యవహారభాష అయియుండెను. ఈ పరిణామమును వర్ణించువారు పెక్కుమంది దీనినంతయు ఎలియేజెర్ బెన్ యెహూదా అను ఒక్క మహనీయుని పేర ముడివేయుదురు. ఆయన కృషి సామాన్యమైనది కాదు. అయినను ఒక్క వ్యక్తి సంకల్పముచేతనే ఒక జాతి నాలుక మారునా? ఈ ప్రశ్న భాషాబోధకులమైన మనము వేసికొనదగినది.

ఈ వ్యాసమున మేము నిరూపింపదలచినది ఇది. హీబ్రూను మరల వాడుకభాషగా చేసినది ప్రధానముగా పాఠశాల. ఆ పని నెరవేర్చినవారు పల్లెలలోని ఉపాధ్యాయులు. వారి పద్ధతికి తోడు కొన్ని చారిత్రక పరిస్థితులు కలిసివచ్చినవి. ఆ విజయమునకు చెల్లింపబడిన మూల్యమును కలదు. ఈ నాలుగంశములను వరుసగా పరిశీలింతము.

1. పూర్వస్థితి

హీబ్రూ క్రీ.శ. 200 ప్రాంతమునకు జనవ్యవహారమునుండి తొలగెనని పండితుల అభిప్రాయము. అంతమాత్రమున దానిని మృతభాష యనుట సరికాదు. యూదులు తాము వలసపోయిన దేశములన్నింటను ప్రార్థనలు హీబ్రూలోనే చేసిరి, ధర్మశాస్త్రములకు వ్యాఖ్యలు వ్రాసిరి, లేఖలు నడపిరి. మధ్యయుగముల స్పెయిన్ దేశమున ఆ భాషలో ఉత్తమ కవిత్వము వెలసెను. 1853లో అబ్రహామ్ మాపు రచించిన తొలి హీబ్రూ నవల వెలువడెను. 19వ శతాబ్దిలో జెరూసలేము బజారులలో వేర్వేరు దేశములనుండి వచ్చి, ఒకరి ఇంటిభాష మరియొకరికి తెలియని యూదులు, అవసరమైనపుడు హీబ్రూలోనే పరస్పరము మాటలాడుకొనుచుండిరి. కావున భాష ఉన్నది. దానిని చదువువారును ఉన్నారు. లేనివి ఇల్లు, వీధి, ఆటస్థలము.

నాటి తూర్పు ఐరోపా యూదుల బడికి 'హేదెర్' అని పేరు. అందు బాలురు పవిత్రగ్రంథమును చేతబట్టి ఒక్కొక్క హీబ్రూ పదమునకు యిద్దిష్ భాషలో అర్థము చెప్పుచు వల్లించుచుండిరి. మధ్యధరా తీరపు యూదులు కొందరు లాదినోలోను, కొందరు అరబ్బీలోను ఇట్లే చేసిరి. మన దేశమున రఘువంశాది కావ్యములకు ప్రతిపదార్థము చెప్పించి, తాత్పర్యము అప్పగింపించిన పద్ధతి యెరిగినవారికి హేదెర్ చదువు సులభముగా బోధపడును. ఈ పద్ధతిలో పాఠము బాగుగా వచ్చును. కాని, దప్పికగొన్న బాలుడు నీరిమ్మని అడుగుటకు ఆ భాష పనికిరాదు. పైగా బాలికలకు ఈ చదువు సాధారణముగా లేదు. తల్లికి రాని భాష బిడ్డకు ఉయ్యాలలో అబ్బుట యెట్లు? ఈ చిక్కు విడిపోయినగాని హీబ్రూ వాడుకలోనికి వచ్చుట అసాధ్యము.

2. బెన్ యెహూదా, నిస్సీమ్ బెహార్

బెన్ యెహూదా 1858లో అప్పటి రష్యా సామ్రాజ్యమునందలి లూజ్కీ గ్రామమున జన్మించెను. 1879లో వియన్నా నగరమునుండి వెలువడుచుండిన ఒక హీబ్రూ పత్రికలో ఆయన ప్రథమ వ్యాసము ప్రకటితమయ్యెను. 1881లో పాలస్తీనా చేరి, తన ఇంట హీబ్రూ తప్ప అన్యభాష వినబడరాదని నియమము పెట్టెను. 1882లో జన్మించిన ఆయన కుమారుడు ఆధునికయుగమున హీబ్రూ మాతృభాషగా పెరిగిన తొలి శిశువని ప్రసిద్ధి. బెన్ యెహూదా ప్రణాళికను పరిశోధకులు మూడు మాటలలో సంగ్రహింతురు: ఇంట హీబ్రూ, బడిలో హీబ్రూ, కొత్త పదముల కల్పన.

ఈ మూడింటిలో మొదటిది ఆశించినంత వ్యాపింపలేదు. 19వ శతాబ్ది ముగియునాటికి జెరూసలేమున హీబ్రూ మాటలాడు కుటుంబములు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. పెద్దలు సభలలో హీబ్రూను కీర్తించి, ఇంటికి పోయి యిద్దిష్‌లో మాటలాడుకొనిరి. మూడవదియైన పదకల్పన, వాడువారు లేనిచో నిఘంటువులోనే నిలిచిపోవును. కార్యమునకు మూలము రెండవదియైన బడియే.

జెరూసలేములో అలియాన్స్ సంస్థవారి పాఠశాల 1882లో ప్రారంభమయ్యెను. దాని అధిపతి నిస్సీమ్ బెహార్ (1848-1931). హీబ్రూను హీబ్రూ ద్వారమునే బోధింపవలెనని ఆయన నిశ్చయించి, ఆ పనికి బెన్ యెహూదాను నియమించెను. క్షయరోగపీడితుడగుటచే బెన్ యెహూదా అచ్చట కొలదికాలము మాత్రమే బోధించెను. అయినను ఆ కొలదికాలపు ప్రయోగము ఒక విషయమును రుజువు చేసినది: యిద్దిష్, లాదినో, అరబ్బీ మాటలాడు పిల్లలు ఒక తరగతిలో కూర్చున్నపుడు వారందరికి అర్థము చెప్పదగిన ఒక ఇంటిభాష లేదు, కావున అనువాదము లేని బోధన అచ్చట ఆదర్శమే కాదు, అవసరము కూడ.

3. పల్లెబడులు, ప్రత్యక్షపద్ధతి

1882 మొదలుకొని రష్యా, రుమేనియా దేశములనుండి వచ్చిన యూదులు పాలస్తీనాలో వ్యవసాయగ్రామములు స్థాపించిరి. వానిలో రిషోన్ లెజియోన్ ఒకటి. ఆ గ్రామమున 1886లో వెలసిన బడి, అన్ని విషయములను హీబ్రూలో బోధించిన ప్రథమ పాఠశాలగా ప్రసిద్ధి గాంచినది. ఈ గ్రామములు పెక్కింటికి ధనసాహాయ్యము చేసినవాడు పారిస్ నగరవాసియైన ఎడ్మండ్ రోత్‌షీల్డ్ ప్రభువు. ఆయన అధికారులకు ఫ్రెంచి మీద మక్కువ. కావున హీబ్రూ బోధకులు ఒక వైపు యిద్దిష్ వాడుకతోను, మరియొక వైపు ఫ్రెంచి గౌరవముతోను పోరాడవలసివచ్చెను.

ఆ బోధకుల స్థితిని ఊహించిన ఆశ్చర్యము కలుగకమానదు. వారును హీబ్రూను గ్రంథములనుండి నేర్చినవారే, మాటలాడి యెరుగరు. పాఠ్యపుస్తకములు లేవు. గణితమునకు, భూగోళమునకు, వ్యాయామమునకు పారిభాషిక పదములు లేవు. గిన్నె, చెంచా, బంతి, తువాలు మొదలగు నిత్యోపయోగ వస్తువులకైనను నిశ్చితమైన పేర్లు లేవు. ఆ తొలి ఉపాధ్యాయులలో ఒకడగు దావీద్ యుదెలోవిచ్ తరువాతి కాలమున జ్ఞాపకము చేసికొనినట్లు, వారు సగము మూగవారివలె తడబడుచు, చేతులతోను కన్నులతోను పాఠము చెప్పిరి. మిష్నా గ్రంథమున గృహోపకరణముల పేర్లు కొన్ని గలవు. వానిని వెదకి తెచ్చుకొనిరి. దొరకని చోట తామే పదమును కల్పించిరి. ఒక గ్రామపు బడిలో కల్పించిన పదము పొరుగు గ్రామపు పిల్లలకు తెలియదు. ఒకే వస్తువునకు ఊరికొక పేరు ఏర్పడు ప్రమాదము కూడ తలయెత్తెను.

ఈ బోధనకు శాస్త్రరూపము నిచ్చినవాడు ఇత్స్‌హాక్ ఎప్‌స్టైన్. ఆయన ఉత్తరమున గలిలయ ప్రాంతపు పాఠశాలలలో పనిచేసెను. 1898లో 'హ షిలోవా' పత్రికయందు ఆయన ప్రకటించిన వ్యాసమునకు 'హీబ్రూలో హీబ్రూ' అని పేరు. అదే పేరుతో పాఠ్యపుస్తకమును వెలువరించెను. ఆయన సిద్ధాంతమున వాక్కు మొదట, చదువు పిదప, వ్యాకరణము అటుపిమ్మట. ఉపాధ్యాయుడు వస్తువును చూపి పేరు చెప్పవలెను. లేచి, నడచి, తలుపు తెరచి ఆ క్రియను పలుకవలెను. తెలిసిన పదములతోనే తెలియని పదమును వివరింపవలెను. ఐరోపాలో ఫ్రెంచి, జర్మను భాషలను బోధించుటకై ఆనాడు వ్యాపించుచుండిన ప్రత్యక్షపద్ధతికి ఇది సన్నిహితము. కాని ఒక గొప్ప భేదము కలదు. ఫ్రెంచి నేర్చు బాలుడు బడిలో నేర్చిన దానిని ఫ్రాన్సు దేశమునకు పోయి సరిచూచుకొనవచ్చును. హీబ్రూ బాలునకు సరిచూచుకొనదగిన దేశము లేదు. బడి యేది పలికిన అదియే భాష.

4. ఉచ్చారణ, పదనిర్ణయము

ఇట్టి స్థితిలో ఉపాధ్యాయులు ఏకమై నిర్ణయములు చేసికొనుట అత్యవసరమయ్యెను. 1892లో వారి తొలి సమావేశము జరిగెను. 1903లో జిఖ్రోన్ యాకోవ్ గ్రామమున సుమారు 60 మంది ఉపాధ్యాయులు కూడి ఉపాధ్యాయసంఘమును స్థాపించిరి. దానికి ప్రోత్సాహకుడు రష్యా యూదనాయకుడగు మెనాహెమ్ ఉసీష్కిన్. బోధనభాష హీబ్రూ, బోధనాపద్ధతి 'హీబ్రూలో హీబ్రూ', ఉచ్చారణ సెఫార్దీ, వ్రాత అష్కెనాజీ అని నిర్ణయమయ్యెను.

ఉచ్చారణనిర్ణయము విచారింపదగినది. ఆ ఉపాధ్యాయులలో ఎక్కువమంది తూర్పు ఐరోపానుండి వచ్చిన అష్కెనాజీలు. అయినను తమ చిన్ననాటి ఉచ్చారణను విడిచి, స్పెయిన్ సంతతివారును తూర్పుదేశములవారును వాడు సెఫార్దీ ఉచ్చారణను స్వీకరించిరి. అది ప్రాచీనశుద్ధరూపమునకు దగ్గర యను విశ్వాసము ఒక కారణము. జెరూసలేము బజారున అప్పటికే వినబడుచుండుట మరియొక కారణము. హేదెర్ నాటి దైన్యమునుండి దూరముగా పోవలెనను కోరిక మూడవ కారణము. కాని నాలుక తీర్మానములకు పూర్తిగా లొంగదు. కంఠమూలమున పలుకవలసిన వర్ణములను అష్కెనాజీ ఉపాధ్యాయులు పలుకలేకపోయిరి. వారి శిష్యులును అట్లే పలికిరి. నేటి హీబ్రూ శుద్ధ సెఫార్దీయును కాదు, అష్కెనాజీయును కాదు. ఆ తరగతిగదులలో పుట్టిన మిశ్రమరూపము. గలిలయలో ఎప్‌స్టైనును ఆయన సహచరులును ప్రవేశపెట్టిన ప్రత్యేకోచ్చారణ యొకటి కొంతకాలము నిలిచి, దక్షిణపు పాఠశాలల ప్రాబల్యముచే అంతరించెను. ఒక మాండలికము బడిలో పుట్టి బడితోనే గతించుటకు ఇది అపూర్వమైన నిదర్శనము.

పదనిర్ణయమునకై 1890లో జెరూసలేమున ఏర్పడిన భాషాసమితి త్వరలోనే స్తంభించెను. ఉపాధ్యాయసంఘము ఏర్పడిన పిదప 1904లో అది పునరుద్ధరింపబడెను. 1953లో స్థాపితమైన హీబ్రూ భాషా అకాడమీ దానికి వారసురాలు. పదములకై మొదట బైబిలును, తరువాత మిష్నా తాల్ముదులను, అవసరమైనపుడు అరమాయిక్, అరబ్బీ భాషలను ఆశ్రయించిరి. కాలమను అర్థము గల 'ఏత్' అను పదమునుండి 'ఇత్తోన్' అనగా వార్తాపత్రిక. పదమను అర్థము గల 'మిల్లా' నుండి 'మిల్లోన్' అనగా నిఘంటువు. గంట యను అర్థము గల 'షాఆ' నుండి 'షాఓన్' అనగా గడియారము ఏర్పడినవి. యెహెజ్కేలు గ్రంథమున తళతళలాడు ఒక పదార్థమునకు పేరైన 'హష్మల్' నేడు విద్యుచ్ఛక్తికి వాచకము. పండితులు కల్పించిన పదములన్నియు నిలువలేదు. పిల్లలు ఆటలలో వాడినవి నిలిచినవి. వారి నాలుకకు ఎక్కనివి రాలిపోయినవి. తుది నిర్ణయము పిల్లలదే.

5. శిశుపాఠశాల మొదలు విశ్వవిద్యాలయము వరకు

ఆరేండ్ల వయస్సున బడికి వచ్చు బాలుడు అప్పటికే ఇంటిభాషలో స్థిరపడియుండును. దీనిని గ్రహించి 1898లో రిషోన్ లెజియోన్‌లో హీబ్రూ శిశుపాఠశాలను ప్రారంభించిరి. జర్మను పదమగు కిండర్గార్టెన్‌ను అనువదించి దానికి 'గాన్ యెలదీమ్', అనగా పిల్లల తోట, అని పేరిడిరి. అచ్చట ఉపాధ్యాయినులు పాటలతోను ఆటలతోను హీబ్రూ నేర్పిరి. పిల్లలు ఆ మాటలను ఇంటికి తెచ్చి తల్లులకు నేర్పిరి. అంతకు మించిన మార్పు, ఈ గ్రామపాఠశాలలలో బాలికలు బాలురతోపాటు హీబ్రూ నేర్చుట. వారు పెరిగి, వివాహమై, తమ శిశువులతో హీబ్రూలో మాటలాడినపుడు మాత్రమే ఆ భాష నిజముగా మాతృభాష అయ్యెను. హేదెర్ వదలిన లోపము ఈ విధముగా పూరింపబడినది. మా అభిప్రాయమున ఈ చరిత్రయందు మిక్కిలి ముఖ్యమైన ఘట్టము ఇదియే. అయినను దీనిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

1905లో యాఫా నగరమున హీబ్రూ ఉన్నతపాఠశాల వెలసెను. తరువాత టెల్ అవీవ్‌కు మారి హెర్జ్‌లియా జిమ్నాజియమ్ అను పేర ప్రసిద్ధమైనది అదియే. భౌతికశాస్త్రమును, బీజగణితమును హీబ్రూలో బోధింపవచ్చునని అది చూపినది. అసలు పరీక్ష 1913లో వచ్చెను. 'యెజ్రా' యని పిలువబడిన జర్మను యూదుల సహాయసంఘము పాలస్తీనాలో అనేక పాఠశాలలను నడపుచుండెను. అదియే హైఫా నగరమున సాంకేతికవిద్యాలయమును నిర్మించి, అందు శాస్త్రవిషయములను జర్మను భాషలో బోధింపవలెనని నిర్ణయించెను. హీబ్రూలో శాస్త్రగ్రంథములు లేవు, పారిభాషిక పదములు లేవు, విద్యార్థులు ప్రపంచవిజ్ఞానమునుండి వేరుపడుదురు అని వారి వాదము. ఆ వాదము నాటికి అసత్యము కాదు. కాని హీబ్రూ పక్షమువారు, బోధన ఆరంభింపనిచో గ్రంథములు ఎన్నటికిని పుట్టవని సమాధానమిచ్చిరి. ఉపాధ్యాయులును విద్యార్థులును యెజ్రా పాఠశాలలను విడిచి వెలికివచ్చిరి. యెజ్రా శిక్షణాలయమున పనిచేయుచుండిన దావీద్ యెల్లిన్ దానిని వీడి, జెరూసలేమున హీబ్రూ ఉపాధ్యాయశిక్షణాలయమును స్థాపించెను. 1914 ఫిబ్రవరిలో విద్యాలయపాలకవర్గము తన నిర్ణయమును మార్చుకొనెను. ప్రపంచయుద్ధముచే ఆలస్యమై, ఆ విద్యాలయమున 1924లో హీబ్రూ ద్వారమున బోధన మొదలయ్యెను. 1922లో పాలస్తీనా పాలనాపత్రము ఆంగ్లము, అరబ్బీలతోపాటు హీబ్రూను అధికారభాషగా గుర్తించెను. 1925లో జెరూసలేమున హీబ్రూ విశ్వవిద్యాలయము ప్రారంభింపబడెను. శిశుపాఠశాలలో చేరిన బిడ్డ భాష మార్చుకొనకయే పట్టభద్రుడగు మార్గము ఏర్పడినది.

6. విజయకారణములు

1916-18 నడుమ పాలస్తీనా యూదుల జనగణన జరిగెను. అందు సుమారు నూటికి 40 మంది హీబ్రూ తమ ప్రధానభాషయని చెప్పిరి. పిల్లలలోను, కొత్త వ్యవసాయగ్రామములలోను, టెల్ అవీవ్‌లోను ఈ నిష్పత్తి చాల ఎక్కువ. పాతకాలపు మతనిష్ఠాపరులలో తక్కువ. హీబ్రూబడులు ఉన్న చోటనే హీబ్రూ పలుకుబడి పెరిగెనను మా వాదమునకు ఈ లెక్క బలము నిచ్చుచున్నది.

అయినచో బడి యొక్కటియే చాలునా? చాలదని ఇతర దేశముల అనుభవము చెప్పుచున్నది. 1922లో స్వతంత్రరాజ్యమైన ఐర్లండు తన పాఠశాలలలో ఐరిష్ భాషను నిర్బంధము చేసెను. తరములు గడచినను దేశమున అధికసంఖ్యాకుల ఇంటిభాష ఆంగ్లమే. అచ్చట అందరికిని తెలిసిన ఆంగ్లము ముందే ఉన్నది. ఐరిష్ లేకున్నను ఎవరి వ్యవహారమును ఆగదు. పాలస్తీనాలో యూదులందరికి సామాన్యమైన భాష వేరొకటి లేదు. యెమెన్ దేశపు కుటుంబమును పోలండు కుటుంబమును ఒకే వీధిలో కాపురమున్నచో హీబ్రూ తప్ప మార్గాంతరము లేదు. రెండు ప్రపంచయుద్ధముల మధ్యకాలమున పోలండు, లిథువేనియా దేశములలో 'తర్బూత్' సంస్థవారు ఇట్టి హీబ్రూ పాఠశాలలనే నడపిరి. విద్యార్థులు చక్కని హీబ్రూ నేర్చిరి. కాని బడి వదలిన పిదప వీధిలో వారికెదురైనవి యిద్దిష్, పోలిష్ భాషలు. ఆ పాఠశాలలు యుద్ధములోను నరసంహారములోను నశించినవి. బడి భాషను నేర్పగలదు; వీధి దానిని స్వీకరింపవలెను.

1948 తరువాత వలసలు వెల్లువయైనపుడు వయోజనులకై 'ఉల్పాన్' అను శిక్షణాలయములు ఏర్పడినవి. జెరూసలేమున మొదటిది 1949లో వెలసెను. అరువది యేండ్ల క్రితము పల్లెబడిలో పుట్టిన అనువాదరహితపద్ధతియే అచ్చట మరల ఉపయోగపడినది.

7. చెల్లించిన మూల్యము

ఈ చరిత్రను విజయగాథగా మాత్రమే చెప్పుట పరిశోధకధర్మము కాదు. హీబ్రూ గెలుచుటకు యిద్దిష్ ఓడవలసివచ్చెను. 1908లో చెర్నోవిట్స్ నగరమున జరిగిన సభ యిద్దిష్‌ను యూదుల జాతీయభాషలలో ఒకటిగా ప్రకటించియుండెను. దానికి గొప్ప సాహిత్యమును గలదు. కాని 1923లో టెల్ అవీవ్‌లో ఏర్పడిన భాషారక్షకదళము వీధులలో యిద్దిష్ మాటలాడువారిని మందలించుచుండెను. 1927లో విశ్వవిద్యాలయమున యిద్దిష్ ఆచార్యపీఠము నెలకొల్పుటకు చేసిన ప్రయత్నము తీవ్రవ్యతిరేకతచే విఫలమయ్యెను. ఆ పీఠము 1951లోగాని ఏర్పడలేదు. లాదినో, యూదుల అరబ్బీ భాషలును ఇట్లే క్షీణించినవి. తల్లి మాటకు బిడ్డ సిగ్గుపడు స్థితిని బడి కల్పించుట చిన్న విషయము కాదు.

అరబ్బుల ప్రశ్న ఇంకను గంభీరమైనది. దానిని తొలుత ఎత్తినవారిలో భాషాబోధకుడగు ఎప్‌స్టైనే ఒకడు. 1907లో ప్రకటించిన ఒక వ్యాసమున, కొనుగోలు చేసిన నేలను తరతరములుగా దున్నుచున్న అరబ్బు రైతులను తనవారు మరచుచున్నారని ఆయన హెచ్చరించెను. ఆ మాటను విన్నవారు తక్కువ. 1948 తరువాత ఇజ్రాయేల్‌లో అరబ్బీ రెండవ అధికారభాషగా ఉండెను. 2018 నాటి చట్టము హీబ్రూను మాత్రమే రాజ్యభాషగా ప్రకటించి, అరబ్బీకి ప్రత్యేకస్థానమని మాత్రము చెప్పినది.

8. ఉపసంహారము

తెలుగువారికి ఈ చరిత్ర దూరమైనది కాదు. 20వ శతాబ్ది తొలి దశకమున ఉత్తరాంధ్రమున పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉండిన యేట్సుదొర ప్రత్యక్షపద్ధతిని ప్రోత్సహించుచు, తెలుగున వ్రాత ఒక విధముగా, వాడుక మరియొక విధముగా ఉండుటకు కారణమేమని అడిగెను. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ప్రభృతుల వ్యావహారికోద్యమమునకు ఆ ప్రశ్న ఒక ప్రేరణ. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని బడులు పెట్టి, వాచకములు వ్రాసిన గిడుగువారికి, బిడ్డ నోటిమాటయే చదువునకు పునాది యను సత్యము అంతకు పూర్వమే తెలియును. ఇంచుమించు ఒకే కాలమున ఒకే బోధనాపద్ధతి రెండు దేశములలో రెండు విరుద్ధఫలముల నిచ్చినది: పాలస్తీనాలో గ్రంథభాష నోటికి వచ్చెను, ఆంధ్రమున నోటిభాష గ్రంథమునకు ఎక్కెను. రెండు చోట్లను వాక్కునకును వ్రాతకును గల అగాధమును పూడ్చుటయే ఉద్దేశము.

బోధనభాషను గూర్చి మన దేశమున ఇప్పటికిని వాదములు జరుగుచున్నవి. పుస్తకములు లేవు, పదములు లేవు అను ఆక్షేపణము 1913లో హైఫాలో వినబడినదే. ఆ ఆక్షేపణమునకు సమాధానము తరగతిగదిలోనే దొరకినదని హీబ్రూ చరిత్ర చెప్పుచున్నది. ఆ తరగతిగదికి ముందు శిశుపాఠశాల, వెనుక విశ్వవిద్యాలయము, చుట్టు అవసరము గల వీధి ఉండవలెననియు అదియే చెప్పుచున్నది. ఒక భాషను నిలుపుటకై మరియొక తల్లిభాషను చిన్నబుచ్చక కార్యము సాధించుట యెట్లను ప్రశ్నకు మాత్రము అచ్చట సమాధానము లేదు. అనేకభాషలు గల మన దేశమున ఆ సమాధానమును వెదకుట ఉపాధ్యాయులకును పరిశోధకవిద్యార్థులకును కర్తవ్యమని మేము తలంచుచున్నాము.